కొంగ నడక

ఫిబ్రవరి 3

పిల్ల కాలేజీ నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, లాప్‌టాప్ తెచ్చి నేను కూరలు తరుగుతున్న బల్ల మీద పెట్టింది. “ఇదెవరు?” అంది.

తెర మూలన కొంగ. కళ్ళజోడు పెట్టుకుని, చంకలో గొడుగు ఇరికించుకుని, ఎడమ కాలి మీద నిలబడి కుడి పాదంతో ఎడమ పిక్క రుద్దుకుంటోంది.

ఎవరేంటి, నేను గీసిన కొంగ. ఇరవై ఏళ్ళ కిందటిది. అప్పట్లో మా కంపెనీ ఉత్తరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి అమ్మేది. ఈ కొంగ తెర మీద అటూ ఇటూ తిరుగుతూ, “మార్జిన్ మరీ తక్కువైందండీ” అంటూ ఎవరూ అడగని సలహాలు ఇచ్చేది. జనం దాన్ని ఎలా వదిలించుకోవాలో కనుక్కుని మరీ వదిలించుకునేవాళ్ళు. ఇప్పుడు అలాంటి పాత బొమ్మలన్నీ ఏరి దాచుకునే గుంపు ఒకటి తయారైందట. పనీపాటా లేని మంద. వాళ్ళలో ఎవడో ఆ ఫైళ్ళు విప్పే సాఫ్ట్‌వేర్ కూడా రాశాడు. ఫైలు లోపలికి తోస్తే బొమ్మలు ఒక పక్క, శబ్దాలు ఒక పక్క, ఏ బొమ్మ తర్వాత ఏది కదలాలో ఆ వరస ఇంకో పక్క పీకి పెడుతుందట, కోడి ఈకలు పీకినట్టు.

“అత్త చెప్పింది, ఈ కొంగ నాన్నేనట కదా?” అంది పిల్ల.

“కొంగ కొంగే” అన్నాను.

“నాన్న నడుస్తుంటే చూసి గీశావట.”

“మీ అత్తకి పనేం లేదు.”

పిల్ల కోపంగా వెళ్ళి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఎడమ కాలి మీద నిలబడి, కుడి పాదంతో పిక్క రుద్దుకుంటూ. దానికి తెలియదు తను అలా నిలబడిందని. దానికి ఏడాదిన్నర ఉన్నప్పుడు ఇల్లు వదిలిపోయాడు ఆ మనిషి. ఎనిమిది నెలలు తిరక్కుండానే బస్సు ప్రమాదంలో పోయాడు. ఇది ఎక్కడ చూసి నేర్చుకుంది?

ఒళ్ళు మండిపోయింది. కూర మాడింది కూడా.

ఫిబ్రవరి 4

వదినకి ఫోన్ చేసి నాలుగు దులుపుదామనుకున్నాను. చేయలేదు. ఆ మనిషికి అక్క ఈవిడ. మా ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఇప్పుడు తిట్టినా మాట్లాడినట్టే లెక్క.

నిరుడు పిల్ల తనే వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళింది. రెండు బస్సులు మారాలి. నాకు చెప్పకుండా వెళ్ళి, వచ్చాక చెప్పింది. అప్పుడే కాళ్ళు విరగ్గొట్టాల్సింది.

ఫిబ్రవరి 6

“ఒక్క ఫొటో కూడా లేదా?”

లేదు. అన్నీ పొయ్యిలో పెట్టాను. ఈ మాట దానికి చెప్పాను కూడా, దాచలేదు. నేనేం దాచే మనిషిని కాను.

“వీడియో?”

“అప్పట్లో జేబుల్లో కెమెరాలు ఉండేవి కావు తల్లీ.”

“అత్త దగ్గర రెండు ఫొటోలున్నాయి. రెండింటిలోనూ కుర్చీలో కూర్చునే ఉన్నాడు.” వచ్చి నా పక్కన కూర్చుంది. “ఆయన కదులుతుంటే చూడాలని ఉందమ్మా. ఒక్కసారి. ఎలా నడిచేవాడు, ఎలా తల తిప్పేవాడు. అంతకంటే నాకేం వద్దు.”

దానికి దొరికింది నమూనా ఫైలు. కొనేముందు జనం చూసుకోవడానికి మా కంపెనీ ఊరికే ఇచ్చినది. అందులో కొంగ నిలబడుతుంది, రెక్క ఊపుతుంది, అంతే. నడక, తల గోక్కోవడం, ఆవలింత, విసుగు, అన్నీ ఉన్న పూర్తి కొంగ కంపెనీ సీడీలోనే ఉండేది. కంపెనీయే లేదు ఇప్పుడు.

“నీ దగ్గరుందా?” అంది.

“లేదు.”

ఫిబ్రవరి 7

ఉంది. బీరువా పైన చెప్పుల డబ్బాలో, పాడైన ప్లగ్గుల కింద. ఉందని రాసుకుంటున్నాను, అంతకు మించి ఏం లేదు.

ఫిబ్రవరి 10

ఆఫీసులో వాషింగ్ మెషీన్ మాన్యువల్. బట్టలు ఇలా వేయండి, నీళ్ళ గొట్టం ఇలా తగిలించండి, మెషీన్ మీద ఇలా ఎక్కి కూర్చోకండి. బొమ్మలన్నీ నావే. పద్దెనిమిదేళ్ళుగా మెషీన్ల పక్కన మనుషుల్ని నిలబెట్టడమే నా ఉద్యోగం.

ప్రూఫులు చూసే ఆయన పేజీలు పట్టుకుని వచ్చాడు. తప్పులు లేని చోట కూడా తప్పులు వెతికే రకం.

“మేడమ్, ఏమీ అనుకోకండి. మీ మనుషులందరికీ ఎడమ భుజం కిందికి జారి ఉంటుందేంటండీ?”

“ఏ మనుషులు?”

“అందరూనండీ. ఇదిగో ఈయన, కిందటిసారి ఫ్రిజ్ తుడిచిన ఆవిడ, మిక్సీ పాప. అందరూ మెడ ముందుకు పెట్టి నిలబడతారు. ఒకే ఇంటివాళ్ళలాగా.”

“మీ పని అక్షరాలు చూడటం. భుజాలు కాదు.”

“సరే సరే” అని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం టీ కూడా నా దగ్గరికి తేకుండా తనొక్కడే తాగాడు. తాగనీ.

పాత మాన్యువల్స్ తీసి చూశాను. ఆయనకి కళ్ళజోడు మార్చుకునే వేళయింది.

ఫిబ్రవరి 13

వదినే ఫోన్ చేసింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత. పరాయి నంబరని ఎత్తాను.

“నేను” అంది.

గొంతు గుర్తుపట్టాను. అయినా “నేనంటే ఎవరు?” అన్నాను.

“పిల్ల అడిగింది ఇచ్చెయ్యి. నీ దగ్గర లేకుండా ఎక్కడికి పోతుంది? గీసిందానివి నువ్వే కదా. దాని తండ్రిని దానికి దక్కకుండా ఎందుకు దాస్తావు?”

“దాచింది నేనా? వెళ్ళిపోయింది మీ తమ్ముడు కాదూ?”

“వాడు పోయాడు. పోయినవాడితో ఇంకా ఏం పోట్లాట నీకు?”

“ఉన్నప్పుడు పోట్లాడనిచ్చాడా? ఊపిరాడటం లేదన్నాడు, సంచి సర్దుకున్నాడు, పోయాడు. నా వంతు అలాగే మిగిలిపోయింది.”

“నువ్వు ఆడనిచ్చావా వాడికి ఊపిరి?”

పెట్టేశాను. గిన్నెలన్నీ మళ్ళీ తోమాను, తోమినవే.

ఫిబ్రవరి 14

ఊపిరాడకపోవడం ఏమిటి? ఈ ఇంట్లో ఆరు కిటికీలు.

ఫిబ్రవరి 15

పిల్ల పొద్దున్నే చెప్పింది, పరీక్షలయ్యాక అత్త వాళ్ళింట్లో ఉంటానని. కొన్నాళ్ళకా అని నేను అడగలేదు, కొన్నాళ్ళకని అది చెప్పలేదు.

“అక్కడ ఏముంది?”

“అడిగితే చెప్తారు.”

అందుకని సీడీ ఆఫీసుకి తీసుకెళ్ళాను. పిల్ల బెదిరించిందని కాదు. దాని ముచ్చట ఎందుకు కాదనాలి అనిపించింది. సీడీ చదివే పాత కంప్యూటర్ మా ఆఫీసులోనే మిగిలి ఉంది, కొంగ కంపెనీ మూతపడ్డప్పుడు వీళ్ళు చవగ్గా కొన్నది. లోపల పెడితే రాళ్ళు రుబ్బినట్టు శబ్దం చేసింది. ఒక్కసారి చదివింది. కొంగ ఫైలు కాపీ అయింది. బయటికి తీసి చూస్తే సీడీ మీద పూత పొరలు పొరలుగా లేచి ఉంది. మళ్ళీ పెడితే చదవలేదు. ఇంకోసారి పెట్టినా అంతే.

అంటే ఇప్పుడు లోకం మొత్తానికి పూర్తి కొంగ ఆ ఒక్క ఫైలే. ఇంకో కాపీ తీయాల్సింది. మర్చిపోయాను. ఆఫీసులో ప్రతి బొమ్మకీ మూడేసి కాపీలు తీసేదాన్ని, దీనికి మర్చిపోయాను. మనిషన్నాక మర్చిపోదా?

సాయంత్రం పిల్లకి దొరికిందని చెప్పాను. ఎగిరి వచ్చి మెడకి చుట్టుకుంది. ఎన్ని నెలలైందో ఇది నన్ను ముట్టుకుని. ఊపిరి ఆడలేదు కాసేపు.

ఫిబ్రవరి 16

ఆ గుంపువాళ్ళ సాఫ్ట్‌వేర్ మా కంపెనీ ఫైళ్ళ దగ్గర చేతులెత్తేస్తుంది. నమూనా ఫైలుని వాళ్ళెలాగో ఒడ్డెక్కించారు గానీ పూర్తిది వాళ్ళ వల్ల కాదు. రంగుల చెత్త కక్కుతుంది. కారణం దాని తండ్రి, ఆ మహానుభావుడే. అదే కంపెనీలో ప్రోగ్రాంలు రాసేవాడు. ప్యాక్ చేసే పద్ధతి సొంతంగా కనిపెట్టాడు. ప్రతి బొమ్మనీ పూర్తిగా దాచడు. ముందు బొమ్మకీ దీనికీ ఏం తేడా ఉందో అంతవరకే దాస్తాడు. చోటు కలిసొస్తుందని. నాతో పెళ్ళిచూపుల్లో కూడా ఇదే చెప్పాడు.

పిల్ల దానికి తగ్గట్టు విప్పే ప్రోగ్రాం తనే రాస్తానంది. కాగితం మీద గీసి వివరించాను.

“అంటే ప్రతి బొమ్మా ముందుదాని మీద నిలబడుతుంది. మధ్యలో ఒకటి పాడైతే?”

“తర్వాతవన్నీ కూలిపోతాయి.”

“అబ్బా, ఎంత మొండి తెలివి” అంది మురిసిపోతూ. తండ్రి తెలివికి మురిసిపోయింది, నా ఎదురుగానే. “ఫైలు ఎక్కడుందమ్మా?”

“ఆఫీసులో. రేపు తెస్తాను.”

“దేనితోనూ తెరవకు. ఉన్నది ఉన్నట్టు తీసుకురా.”

నాకు చెప్తోంది, దాన్ని పుట్టించినదానికి.

ఫిబ్రవరి 17

తెరిచాను. సరిగ్గా కాపీ అయిందో లేదో చూడాలి కదా. ఆ కాలంలో కొంగని తయారు చేసిన ప్రోగ్రాం కూడా అదే కంప్యూటర్లో ఉంది, ఎవరూ తీసేయలేదు. ప్రూఫులాయన భోజనానికి వెళ్ళాడు. గది ఖాళీ.

‘నడక’ అన్న దాని మీద నొక్కాను.

ముందు మెడ బయల్దేరింది. దాని వెనక భుజాలు, ఎడమది కిందికి. కాళ్ళు అన్నిటికంటే చివర, తీరిగ్గా, పిలిస్తే వచ్చాం అన్నట్టు. తెర ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఇరవై ఏళ్ళ తర్వాత నా కళ్ళ ముందు నడిచాడు. కంపెనీ వరండాలో నేను మెట్టు మీద కూర్చుని కాగితం ఒళ్ళో పెట్టుకుని గీస్తుంటే, నా కోసం అటూ ఇటూ ఎన్నిసార్లు నడిచాడో. అప్పుడు ఆ మనిషిని చూడటానికి నాకు రెండు కళ్ళు చాలేవి కావు. ఈ మాట రాసినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆవలింత చూశాను. విసుగు చూశాను. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం చూశాను. కొంగకి చొక్కా ఏమిటని అప్పట్లో అందరూ నవ్వారు. మళ్ళీ నడక చూశాను.

ఎంత హాయిగా నడుస్తున్నాడు! ఒళ్ళో పిల్లతో నేను ఏ గుమ్మం ఎక్కి ఏ గుమ్మం దిగానో ఎవడికి పట్టింది? ఏమీ ఎరగనట్టు, గొడుగు చంకలో పెట్టుకుని, పాతికేళ్ళ కుర్రాడిలా. ఇప్పుడు పిల్ల ఇది చూస్తుంది. ఎంత బాగా నడిచేవాడో మా నాన్న అనుకుంటుంది. పెంచినదాని నడక ఎవరు చూస్తారు?

మెడ కింద ఒక చుక్క తేడాగా కనిపించింది. సరిచేద్దామని కలం తీసుకున్నాను. అది చేశాక కాలు పొడవెక్కువైందనిపించింది. కొంచెం తగ్గించాను. తగ్గిస్తే కుంటింది. కుంటనీ అనుకున్నాను. వీపు ఇంకాస్త వంచాను. మెడ లోపలికి నొక్కాను. ముసలి కొంగ, చేతకాని కొంగ, చూస్తే జాలిపడాల్సిన కొంగ.

ఆడించి చూస్తే కుంటుతూ కూడా ఆ మనిషే. మెడ ముందు, భుజం కిందికి. చెరిపి మళ్ళీ గీశాను. మళ్ళీ ఆ మనిషే. ఎవరైనా సరే, దారిన పోయే దానయ్యని గీద్దామని చూశాను. నా చేతికి ఇంకో నడక రాదు. ఎంత చెరిపినా వాడే వచ్చి నిలబడుతున్నాడు. ఆ కోపంలో ఏం గీశానో నాకే తెలియదు. ప్రూఫులాయన అడుగుల చప్పుడు వినిపించి సేవ్ నొక్కేశాను.

సరిచేశాను, అంతే.

ఫిబ్రవరి 18

ఫైలు ఇచ్చాను. “తెరవలేదు కదా?” అంది.

“నాకేం పని?”

ఫిబ్రవరి 20

ప్రోగ్రాం పూర్తయింది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తల దువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని కూర్చుంది, ఎవరో ఇంటికి వస్తున్నట్టు.

కొంగ నిలబడింది. బాగానే ఉంది. నడక నొక్కింది. ఒక అడుగు వేసింది, కుంటింది. రెండో అడుగుకి మెడ పక్కకి ఊడిపోయింది. మూడో అడుగుకి కళ్ళజోడు కాళ్ళ దగ్గరికి వచ్చింది. తర్వాత కొంగా లేదు, నడకా లేదు, తెర నిండా రంగుల పేలికలు. ఆవలింత నొక్కితే పేలికలు. విసుగు నొక్కితే పేలికలు. అవన్నీ నడక తర్వాత ప్యాక్ అయినవే.

నేను మార్చిన బొమ్మల్ని ఆ పాత ప్రోగ్రాం మార్చినంత మేరకే రాసింది. వాటి మీద నిలబడ్డవి వేటినీ తిరిగి సర్దలేదు. నాలుగు రోజుల కింద కాగితం మీద నేనే గీసి చెప్పిన సంగతి ఇది. తట్టలేదు. ఆ సమయానికి నిజంగా తట్టలేదు.

“నా ప్రోగ్రాంలో తప్పుందేమో” అంది పిల్ల. మొహం పీక్కుపోయింది.

“అయ్యుంటుంది” అన్నాను.

ఫిబ్రవరి 22

రెండు రోజులుగా ప్రోగ్రాం మొత్తం విప్పి మళ్ళీ రాస్తోంది. అన్నం దగ్గర కూడా లెక్కలే. “నేనే ఎక్కడో తప్పు చేస్తున్నానమ్మా, నాన్న లెక్క నా బుర్రకి ఎక్కట్లేదు” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సీడీ కాలేజీకి తీసుకెళ్ళి అక్కడి మిషన్లలో పెట్టి చూసింది. ఏదీ చదవలేదు.

చెప్పేద్దామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. కూర వడ్డించాను.

ఫిబ్రవరి 24

ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో సంచి సర్ది ఉంది. పిల్ల కుర్చీలో కూర్చుని ఉంది, లాప్‌టాప్ మూసి ఒళ్ళో పెట్టుకుని.

“పదిహేడున మార్చావు” అంది.

“ఏంటి?”

“ఫైలు మీద తేదీ ఉంటుందమ్మా. సీడీ నుంచి పదిహేనున కాపీ అయింది. పదిహేడున మారింది. నాకు పద్దెనిమిదిన ఇచ్చావు. నేను నాలుగు రోజులు నా బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు.”

చెప్పులు విప్పుకుంటూ ఉండిపోయాను. ఎంతసేపని విప్పను?

“ఏం గీశావు?”

“కాలు.”

“కాలు ఏం చేశావు?”

“కుంటి చేశాను.”

అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని, అది నాకు అలవాటే. అరవలేదు.

“అసలు బొమ్మలు మళ్ళీ అలాగే గీయగలవా? చుక్క తేడా లేకుండా?”

“లేను.”

“ఇంకో కాపీ?”

“తీయలేదు. మర్చిపోయాను.”

“నువ్వా? మర్చిపోయావా?” నవ్వింది. ఆ నవ్వు ఇక జన్మలో వినకూడదు నేను. “నువ్వు ఆయన్ని తిట్టుకో. రోజూ లేచి తిట్టుకో, నేను అడ్డం వచ్చానా? నీకు తిట్టుకోవడానికి చూసిన మనిషి ఉన్నాడు. నాకు తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు. ఉన్న ఒక్క కొంగని పేలికలు చేశావు.”

సంచి భుజానికి తగిలించుకుంది.

“నన్ను ఒక్కదాన్ని వదిలేసి పోయాడే వాడు” అన్నాను.

“నిన్ను ఒక్కదాన్నేనా?”

గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడు ఏమైందో నాకు, “ఆగు” అన్నాను. ఎందుకు ఆగాలో చెప్పడానికి నా దగ్గర ఏం లేదు. బల్ల పక్కకి తోశాను. చెంగు నడుముకి దోపాను. హాలు ఈ చివర గోడకి వీపు ఆనించి నిలబడి, మెడ ముందుకు పెట్టాను.

మెడ పెట్టగానే మిగతాది దానంతటదే వచ్చింది. ఎడమ భుజం జారింది. చేతులు ఎక్కడ ఉండాలో అక్కడికి పోయాయి. కాళ్ళు తీరిగ్గా కదిలాయి. యాభై దాటిన ఆడదాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని, ఇంటి మధ్యలో కొంగలాగా నడిచాను. నాకు అసహ్యమైన మనిషిని నా ఒంట్లోకి ఎక్కించుకుని నడిచాను. ఆ చివరికి వెళ్ళి, ఆయన తిరిగినట్టు తిరిగాను. తిరిగేముందు ఆయన ఒక క్షణం ఆగేవాడు, ఎటు వెళ్ళాలో మర్చిపోయినట్టు. అది నేను కొంగలో గీయలేదు. ఎప్పుడూ గీయలేకపోయాను.

పిల్ల కదల్లేదు. సంచి భుజం మీదే ఉంది.

“ఆ కుడి చెయ్యి ఎందుకలా ఉంది?” అంది.

“వేళ్ళతో ఏదో లెక్క పెట్టుకుంటూ ఉండేవాడు. నడిచేటప్పుడు.”

“ఏం లెక్క?”

“నేను అడగలేదు.”

ఫోన్ తీసింది.

“తీయకే. సిగ్గుగా ఉంది నాకు.”

“నువ్వు చెరిపావు కాబట్టి తీస్తాను” అంది. గొంతులో రవ్వంత జాలి లేదు. “మొదట్నుంచి. ఇంకోసారి.”

నడిచాను.

ఫిబ్రవరి 25

వెళ్ళలేదు. మాట్లాడటమూ లేదు. సంచి విప్పలేదు.

ఫిబ్రవరి 26

సాయంత్రం నేను వచ్చేసరికి బల్లా కుర్చీలూ గోడవారగా జరిపి ఉన్నాయి. ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. టీ అయినా తాగనివ్వలేదు. ఆవలింత, విసుగు, కళ్ళజోడు తుడుచుకోవడం అన్నీ చేయించింది. “అన్నం ఎలా తినేవాడు?” అంటే తిని చూపించాను. “నన్ను ఎత్తుకునేవాడా?” అంది. దిండు తీసుకుని చూపించాను. ఒక చేత్తోనే ఎత్తుకునేవాడు, పడేస్తాడని నేను అరిచేదాన్ని. పడేయలేదు ఒక్కసారి కూడా. అది మూడుసార్లు చేయించి తీసుకుంది. నా వైపు మాత్రం పగదానిలాగే చూసింది.

వదినకి ఆ వీడియోలు పంపిందట. ఆవిడ ఏమందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

ఫిబ్రవరి 28

ఇవాళ ఫోన్ తీయలేదు. చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది.

“వెళ్ళిపోయిన రోజు ఎలా నడిచాడో చూపించు.”

“వద్దు” అన్నాను.

“అది నీకు బాగా గుర్తుంటుంది.”

గుర్తులేకేం? పడగ్గదిలో మొదలుపెట్టాను. సంచి కావాల్సి వచ్చింది, పిల్ల సర్ది పెట్టుకున్న సంచే తీసి భుజానికి వేసుకున్నాను. హాల్లోకి వచ్చాను. మెడ ముందుకు లేదు ఆ రోజు. లోపలికి ముడుచుకుని ఉంది. భుజాలు రెండూ జారి ఉన్నాయి. కాళ్ళే ముందు నడిచాయి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు, నా కాళ్ళకి ఎలా తెలుసో తెలియదు. పిల్ల ఉయ్యాల ఉండే చోట అడుగు నెమ్మదించింది. తలుపు తీశాను. గడప దాటాను. తలుపు దగ్గరికి వేశాను, చప్పుడు కాకుండా, పిల్ల నిద్ర లేస్తుందని ఆయన వేసినట్టే.

బయట మెట్ల దగ్గర ఎవరూ లేరు. కింది వాటాలో ఎవరో బకెట్లో నీళ్ళు పడుతున్నారు.

అప్పుడు లోపల పిల్ల గడియ వేసింది, ఆ రోజు నేను వేసినట్టే.

గడియ చప్పుడు బయట నిలబడ్డ మనిషికి ఇంత గట్టిగా వినబడుతుందని నాకు తెలియదు. మెట్లు దిగబోయినదాన్ని దిగలేకపోయాను. తలుపు మీద రంగు ఒక చోట పెచ్చులూడి ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. లోపల పిల్ల అడుగులు అటు వెళ్ళాయి, ఇటు వచ్చాయి. తలుపు తట్టొచ్చు. తడితే తీస్తుందని తెలుసు. చెయ్యి లేవలేదు. బకెట్ నిండింది, నీళ్ళు ఆగాయి, మళ్ళీ ఇంకో బకెట్ పెట్టారు. నిలబడే ఉన్నాను.

చాలాసేపటికి గడియ తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఇలా ఎంతసేపు నిలబడ్డాడు?” అంది.

“తెలియదే” అన్నాను. “నేను లోపల ఉన్నాను.”

తలుపు తీసే ఉంచి లోపలికి వెళ్ళింది.